పాటల ప్లేయర్‌కు ఇయర్‌ఫోన్‌ను జత కుదర్చడం: అవుట్‌పుట్ ఇంపెడెన్స్ సంగతి

ఒకే ఇయర్‌ఫోన్‌ను రెండు ప్లేయర్లకు మార్చి మార్చి తగిలించి, ఒకే కచేరీని ఒకే ధ్వని స్థాయిలో విన్నా, ఒకదానిలో మృదంగం తొప్పి (ఎడమ ముఖం) పలికే బాసు నాదం నిండుగా పలికి, మరొకదానిలో అదే నాదం పలచబడి వయొలిన్ మాత్రం చెవిలో గుచ్చుకోవడం చాలామందికి అనుభవంలో ఉన్న విషయమే. అలాంటప్పుడు లోపం ఇయర్‌ఫోన్‌దని కొందరు, ప్లేయర్‌లోని చిప్పుదని కొందరు తేల్చేసి, మరో వస్తువు కొనడానికి బయలుదేరుతారు. ఆ రెండు వస్తువులూ విడివిడిగా మంచివే అయినా, వాటికి జత కుదరకపోవచ్చు. ఆ జతను నిర్ణయించే అంశాల్లో అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఒకటి. కొన్ని రకాల ఇయర్‌ఫోన్ల విషయంలో దాన్ని తప్పనిసరిగా చూడాలి, చాలా రకాల విషయంలో దాని ఊసే అక్కర్లేదు. మీది ఏ కోవకు చెందుతుందో తేల్చుకోవడం ఎలాగో, సొంతంగా కొలుచుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వాడేవారికి ఈ లెక్కతో పనిలేదు. వాటిలో ఆంప్లిఫయర్ ఇయర్‌బడ్ లోపలే ఉంటుంది కాబట్టి, తయారీదారే జత కుదిర్చి ఇస్తాడు. తీగ ఉన్న ఇయర్‌ఫోన్లలోనే ఆ బాధ్యత కొనేవారి మీద పడుతుంది.

పెట్టె మీద చూడవలసిన రెండు అంకెలు

ఇయర్‌ఫోన్ పెట్టె వెనుక సన్నని అక్షరాలతో అచ్చువేసే వివరాల్లో మనకు పనికొచ్చేవి రెండే. '20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు' అనే వరుసను నిశ్చింతగా వదిలేయవచ్చు. అది దాదాపు ప్రతి పెట్టె మీదా ఉంటుంది, లోపలి వస్తువు గురించి ఏమీ చెప్పదు. చూడవలసిన వాటిలో మొదటిది ఓంలలో రాసే ఇంపెడెన్స్, అంటే ఇయర్‌ఫోన్ ఏసీ విద్యుత్తుకు చూపే నిరోధం. చెవిలో పెట్టుకునే వాటిలో ఇది సాధారణంగా 16, 32 ఓంలకు అటూ ఇటూగా ఉంటుంది. స్టూడియోల్లో వాడే పెద్ద హెడ్‌ఫోన్లలో 250, 300 ఓంలు కూడా ఉంటుంది. రెండోది డెసిబెల్‌లలో రాసే సెన్సిటివిటీ, అంటే ఇంత విద్యుత్తు ఇస్తే ఇంత గట్టిగా వినిపిస్తుందని చెప్పే అంకె.

సెన్సిటివిటీని కంపెనీలు రెండు రకాలుగా రాస్తాయి, తికమక ఇక్కడే మొదలవుతుంది. కొందరు ఒక మిల్లీవాట్ శక్తికి ఎన్ని డెసిబెల్‌లో రాస్తారు, మరికొందరు ఒక వోల్టుకు ఎన్ని డెసిబెల్‌లో రాస్తారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. మిల్లీవాట్ లెక్కలో ఉన్న అంకెను వోల్టు లెక్కలోకి మార్చాలంటే, 16 ఓంల ఇయర్‌ఫోన్‌కు 18, 32 ఓంలకు 15, 64 ఓంలకు 12, 300 ఓంలకు 5 డెసిబెల్‌లు కలపాలి. 100 డెసిబెల్‌లు అని రాసిన రెండు పెట్టెల్లో ఒకటి మిల్లీవాట్‌కు, మరొకటి వోల్టుకు రాసి ఉంటే, 16 ఓంల దగ్గర వాటి మధ్య 18 డెసిబెల్‌ల తేడా దాగి ఉంటుందన్నమాట.

ఈ లెక్క ఎందుకు ఉపయోగపడుతుందో తెలియడానికి షూర్ ఎస్‌ఈ215ను ఉదాహరణగా తీసుకుందాం. కంపెనీ చెప్పిన ప్రకారం దాని ఇంపెడెన్స్ 17 ఓంలు, సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 107 డెసిబెల్‌లు. 85 డెసిబెల్‌ల స్థాయిలో వినడానికి దీనికి కావలసినది సుమారు 10 మిల్లీవోల్టులు. శక్తిలో చెప్పాలంటే ఒక మిల్లీవాట్‌లో నూటయాభయ్యో వంతుకన్నా కొంచెం తక్కువ. పాటలో హఠాత్తుగా వచ్చే దరువుల కోసం మరో 20 డెసిబెల్‌లు అదనంగా ఉంచుకున్నా ఒక వోల్టులో పదో వంతు చాలు. ఇంత తక్కువ కోరే ఇయర్‌ఫోన్‌కు 'శక్తి చాలదు' అంటూ పెద్ద ఆంప్లిఫయర్ అంటగట్టేవారి మాట నమ్మనక్కర్లేదు. దుకాణంలో 'ఆయ్, ఇది పెట్టారంటే బాసు దంచేస్తాదండి' అని ఎంత ప్రేమగా చెప్పినా సరే.

పెద్ద హెడ్‌ఫోన్ల విషయంలోనూ భయాలు కొంత అతిగానే ఉంటాయి. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 250 ఓంల రకానికి సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 96 డెసిబెల్‌లు. వోల్టు లెక్కలో అది 102 అవుతుంది. ఒక వోల్టు ఇవ్వగల డాంగిల్‌తో (ఫోన్ పోర్టుకు తగిలించి ఇయర్‌ఫోన్ పెట్టుకునే చిన్న అడాప్టర్‌తో) అత్యధిక స్థాయి 102 డెసిబెల్‌లకు చేరుతుంది. సినిమా పాటలకు ఇది సరిపోతుంది. ఆలాపన మెల్లగా సాగి, తనియావర్తనంలో ఒక్కసారిగా పెరిగే పాత కచేరీ రికార్డింగులను తక్కువ స్థాయిలో పదిలపరిచి ఉంటే మాత్రం వాల్యూమ్ చివరికి పెట్టినా చాలలేదనిపించవచ్చు. అలాంటి శ్రోతకు రెండు వోల్టులు, ఆపైన ఇచ్చే ప్లేయర్ అవసరమే.

అవుట్‌పుట్ ఇంపెడెన్స్ అంటే

ప్లేయర్‌లోని ఆంప్లిఫయర్‌కు కూడా లోపల కొంత నిరోధం ఉంటుంది. సిగ్నల్ ఆ నిరోధాన్ని దాటుకునే జాక్‌లోకి వస్తుంది. దీనినే అవుట్‌పుట్ ఇంపెడెన్స్ అంటారు. డెల్టాలో కాలువ కింద వ్యవసాయం చేసేవారికి ఇది తేలికగా బోధపడుతుంది. బోదె సన్నగా ఉన్నచోట, పై రైతులు తూములెత్తి నీరు ఎక్కువగా లాగిన రోజున శివారు పొలం దగ్గర నీటిమట్టం పడిపోతుంది, వారు తూములు దించగానే మళ్లీ లేస్తుంది. బోదె వెడల్పుగా ఉంటే ఎవరు ఎంత లాగినా మట్టం పెద్దగా కదలదు. సన్నని బోదె అంటే ఎక్కువ అవుట్‌పుట్ ఇంపెడెన్స్, వెడల్పాటిది అంటే తక్కువ. నీటిమట్టం స్థానంలో వోల్టేజీని, లాగే నీటి స్థానంలో ఇయర్‌ఫోన్ తీసుకునే కరెంటును పెట్టుకోవాలి.

ఇయర్‌ఫోన్ అన్ని స్వరాలకూ ఒకే మోతాదులో కరెంటు తీసుకుంటే మొత్తం ధ్వని కొంచెం తగ్గుతుందే తప్ప రూపు మారదు. వాల్యూమ్ ఒక మెట్టు పెంచుకుంటే సరిపోతుంది. కొన్ని ఇయర్‌ఫోన్ల ఇంపెడెన్స్ పౌనఃపున్యాన్ని బట్టి మారిపోతుంది. చిక్కు వచ్చేది అప్పుడే. ఇంపెడెన్స్ తక్కువగా ఉన్న స్వరాల దగ్గర కరెంటు ఎక్కువగా లాగుతుంది కాబట్టి అక్కడ వోల్టేజీ పడిపోతుంది, ఎక్కువగా ఉన్న స్వరాల దగ్గర నిలబడుతుంది. ఫలితంగా ఇయర్‌ఫోన్ తయారీదారు అనుకున్న సమతూకం చెడిపోతుంది.

అంకెల్లో చూద్దాం. ఒక ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్ బాస్ దగ్గర 40 ఓంలు, పై స్వరాల దగ్గర 8 ఓంలు అనుకుందాం. దాన్ని 10 ఓంల అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఉన్న ప్లేయర్‌కు తగిలిస్తే బాస్ దగ్గర వోల్టేజీలో ఐదింట నాలుగు వంతులు చేరుతుంది, పై స్వరాల దగ్గర పద్దెనిమిదింట ఎనిమిది వంతులే చేరుతుంది. తేడా 5 డెసిబెల్‌లు. చెవికి ఇది స్పష్టంగా తెలుస్తుంది; పాట దుప్పటి కప్పినట్లు మందంగా మారుతుంది. అదే ఇయర్‌ఫోన్‌ను 1 ఓం ఉన్న ప్లేయర్‌కు మారిస్తే తేడా ఒక డెసిబెల్‌లోపే ఉంటుంది.

ఎనిమిదో వంతు సూత్రం ఇక్కడి నుంచే పుట్టింది. ప్లేయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్, ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకుండా ఉంటే, ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్ రాసిన అంకె నుంచి పైకి ఎంత పెరిగినా ధ్వనిలో మార్పు సుమారు ఒక డెసిబెల్ దాటదు. ఈ లెక్కన 32 ఓంల ఇయర్‌ఫోన్‌కు 4 ఓంల ప్లేయర్, 17 ఓంల దానికి 2 ఓంల ప్లేయర్ సరిపోతాయి. షూర్ ఎస్‌ఈ846 లాంటి 9 ఓంల ఇయర్‌ఫోన్‌కు 1 ఓం దరిదాపుల్లో ఉండేది వెతుక్కోవాలి. 300 ఓంల హెడ్‌ఫోన్ యజమానికి 37 ఓంల వరకూ వెసులుబాటు ఉంటుంది. అయితే పెట్టె మీది అంకె సాధారణంగా 1,000 హెర్ట్జ్ దగ్గర కొలిచినదేనని గుర్తుంచుకోవాలి. వేరే పౌనఃపున్యం దగ్గర ఇంపెడెన్స్ అంతకన్నా కిందికి జారితే ఎనిమిదో వంతు సూత్రం కూడా చాలదు.

1996లో వచ్చిన ఐఈసీ 61938 అనే అంతర్జాతీయ ప్రమాణం హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌కు 120 ఓంలను సూచించింది. పెద్ద హెడ్‌ఫోన్ల కాలానికి ఆ ఆలోచన నప్పింది కానీ, నేటి చెవి లోపలి ఇయర్‌ఫోన్లకు అది బొత్తిగా పొసగదు. ఇంట్లో నాన్నగారి కాలం నాటి స్టీరియో ఆంప్లిఫయర్ ఉంటే ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి. అలాంటి వాటిలో చాలావరకు హెడ్‌ఫోన్ జాక్‌ను స్పీకర్ అవుట్‌పుట్ నుంచే వందల ఓంల రెసిస్టర్ల ద్వారా తీస్తారు. దానికి 300 ఓంల హెడ్‌ఫోన్ పెట్టుకుంటే హాయిగా పాడుతుంది, బహుళ డ్రైవర్ల (లోపల ఒకటికి మించి చిన్న స్పీకర్లున్న) ఇయర్‌ఫోన్ పెడితే పాట గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది.

ఎవరు పట్టించుకోవాలి

చెవి లోపలి ఇయర్‌ఫోన్లలో ఒక్కటే డైనమిక్ డ్రైవర్ (తీగచుట్ట పొరను కదిలించే మామూలు చిన్న స్పీకర్) ఉన్న రకం ఎక్కువగా దొరుకుతుంది. వాటి ఇంపెడెన్స్ గీత దాదాపు సమతలంగా ఉంటుంది. అమలాపురం గడియార స్తంభం సెంటర్‌లోనో, భీమవరంలోనో వెయ్యి రూపాయల లోపు కొనే ఇయర్‌ఫోన్ దాదాపు ఎప్పుడూ ఇదే కోవలోది కాబట్టి, దాన్ని కొనేవారు ఇక్కడితో చదవడం ఆపి, చెవి రబ్బర్ల మీద దృష్టి పెడితే మేలు. పలుచని పొర మీదే తీగ పరిచి ఉండే ప్లానార్ మాగ్నెటిక్ హెడ్‌ఫోన్ల గీత ఇంకా సమతలం. వాటికి కావలసింది కరెంటు తప్ప తక్కువ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కాదు.

బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లు (అయస్కాంతాల మధ్య సన్నని లోహపు రేకు కదిలి ధ్వని పుట్టించేవి) ఉన్న ఇయర్‌ఫోన్ల సంగతి వేరు. ఒకే ఆర్మేచర్ ఉన్నా దాని ఇంపెడెన్స్ పౌనఃపున్యంతోపాటు పెరుగుతూ పోతుంది. ఇటిమోటిక్ కంపెనీ ఈ గుణాన్నే ఉపయోగించుకుంది: 27 ఓంల ఈఆర్-4పీకి 75 ఓంల రెసిస్టర్లున్న తీగను జతచేస్తే అది మరింత స్పష్టమైన పై స్వరాలున్న ఈఆర్-4ఎస్‌గా మారుతుంది. అంటే ఎక్కువ సిరీస్ నిరోధం ఎప్పుడూ కీడే చేస్తుందనుకోనక్కర్లేదు, తయారీదారు దాన్ని లెక్కలోకి తీసుకున్నాడా లేదా అన్నదే ముఖ్యం. ఇక మూడు, నాలుగు, అంతకన్నా ఎక్కువ ఆర్మేచర్లను క్రాసోవర్‌తో (స్వరాలను డ్రైవర్లకు పంచే సర్క్యూట్‌తో) కలిపి కట్టిన ఇయర్‌ఫోన్లలో ఇంపెడెన్స్ గీత ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒక్కోచోట 8 ఓంలకు పడిపోయి, ఒక్కోచోట 40 దాటుతుంది. బాసుకు డైనమిక్, పై స్వరాలకు ఆర్మేచర్లు పెట్టిన హైబ్రిడ్ రకం ఇప్పుడు తక్కువ ధరకే వస్తోంది కనుక, దాన్ని కొనేవారు కూడా ఈ కోవలోకే వస్తారు. పెద్ద డైనమిక్ హెడ్‌ఫోన్లలో 80, 100 హెర్ట్జ్‌ల దగ్గర ఇంపెడెన్స్ శిఖరంలా లేస్తుంది. ఎక్కువ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఉన్న ఆంప్లిఫయర్‌తో అక్కడ బాస్ కాస్త ఉబ్బుతుంది. అది నచ్చేవారూ ఉన్నారు, వారితో నాకు పేచీ లేదు.

పాత క్యాసెట్ ప్లేయర్లు, తొలినాటి ఎంపీ3 ప్లేయర్లు దాచుకున్నవారికి మరో చిక్కు ఉంటుంది. వాటిలో అవుట్‌పుట్‌కు వరుసగా ఒక కెపాసిటర్ ఉంటుంది. అది 220 మైక్రోఫారడ్‌లదైతే, 16 ఓంల ఇయర్‌ఫోన్‌తో 45 హెర్ట్జ్ దగ్గరే ధ్వని 3 డెసిబెల్‌లు తగ్గిపోయి, ఆ కింద ఇంకా జారుతుంది. 32 ఓంలకు మారిస్తే ఆ హద్దు 23 హెర్ట్జ్‌లకు దిగుతుంది. పాత ప్లేయర్‌లో బాస్ పలచగా ఉందని అనిపించినవారు ఇంపెడెన్స్ ఎక్కువున్న ఇయర్‌ఫోన్ ఒకటి పెట్టి చూస్తే చాలాసార్లు తేడా కనిపిస్తుంది.

ఇంట్లో కొలవడం

ఫోన్ల తయారీదారులు అవుట్‌పుట్ ఇంపెడెన్స్ రాయడం అరుదు. తెలుసుకోవాలంటే మనమే కొలుచుకోవాలి. పని కష్టమైనది కాదు. టీవీ, రేడియో రిపేరు చేసే దుకాణంలో 33 ఓంల పావు వాట్ రెసిస్టర్ అడిగితే ఇస్తారు. దాని మీద నారింజ, నారింజ, నలుపు పట్టీలు, చివర బంగారు రంగు పట్టీ ఉంటాయి. అక్కడే 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను కూడా దొరుకుతుంది. పిన్ను కొస ఎడమ చెవి, మధ్య వలయం కుడి చెవి, మొదలు ఉమ్మడి భూమి తీగ. కొస నుంచి, మొదలు నుంచి రెండు తీగలు టంకం పెట్టి బయటికి తీసుకోవాలి.

మీటర్ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఊళ్లో ఎలక్ట్రీషియన్ల చేతుల్లో కనిపించే పసుపు రంగు చవక మీటర్లలో ఏసీ వోల్టేజీకి కనిష్ఠ రేంజ్ 200 వోల్టులు. దాంతో అర వోల్టు కొలవబోతే పదో వంతు వోల్టుకు ఒక్క అంకె కదులుతుంది, లెక్కకు ఏమాత్రం పనికిరాదు. ఏసీలో 2 వోల్టుల రేంజ్, లేదా మిల్లీవోల్టుల రేంజ్ ఉన్న మీటర్ కావాలి. ఇలాంటి మీటర్లు కూడా చాలావరకు తక్కువ పౌనఃపున్యాల దగ్గరే సరిగ్గా చదువుతాయి కాబట్టి, ఫోన్‌లో 100 హెర్ట్జ్ సైన్ శ్రుతిని ఎడతెగకుండా మోగించాలి. ఈక్వలైజర్, బాస్ బూస్ట్ లాంటివన్నీ ఆపివేయాలి.

ముందుగా రెసిస్టర్ పెట్టకుండా, ఏసీ వోల్టేజీ అర వోల్టు దగ్గర నిలిచేలా వాల్యూమ్ సర్ది ఆ అంకె రాసుకోవాలి. తర్వాత వాల్యూమ్‌ను ముట్టుకోకుండా, తీగల మధ్య రెసిస్టర్‌ను కలిపి మళ్లీ చదవాలి. మొదటి వోల్టేజీలోంచి రెండోదాన్ని తీసివేసి, వచ్చినదాన్ని రెండో వోల్టేజీతో భాగించి, రెసిస్టర్ విలువతో గుణిస్తే అవుట్‌పుట్ ఇంపెడెన్స్ వస్తుంది. ఉదాహరణకు మొదట 0.500, తర్వాత 0.472 వోల్టులు చూపితే, తేడా 0.028, దాన్ని 0.472తో భాగించి 33తో గుణిస్తే 1.96 ఓంలు. మీటర్ చివరి అంకెలో ఒక మిల్లీవోల్టు తేడా వచ్చినా జవాబు 0.07 ఓం మాత్రమే మారుతుంది కనుక, జత కుదర్చడానికి ఈ కొలత నిక్కచ్చిగానే ఉంటుంది. రెసిస్టర్ అసలు విలువను ముందే అదే మీటర్‌తో ఓంలలో కొలిచి, లెక్కలో 33కు బదులు ఆ విలువను పెట్టుకుంటే మరీ మంచిది.

కొన్ని ఫోన్లు పిన్ను గుచ్చగానే ఎదుటి ఇంపెడెన్స్‌ను పసిగట్టి వోల్టేజీ మార్చుకుంటాయి. ఎల్‌జీ వీ30 అలాంటిదే. 50 ఓంలు దాటిన హెడ్‌ఫోన్ పెడితే ఎక్కువ వోల్టేజీ స్థాయికి మారుతుంది. ఇలాంటి ఫోన్‌ను కొలిచేటప్పుడు పిన్నును పెరికి మళ్లీ గుచ్చకుండా, గుచ్చినదాన్ని అలాగే ఉంచి రెసిస్టర్‌ను మాత్రమే కలిపి విడదీయాలి. లేదంటే రెండు వేర్వేరు స్థాయిలను పోల్చినట్లవుతుంది.

మీటర్ లేనివారు చెవితోనే ఒక అంచనాకు రావచ్చు. ద్రాక్షారామంలో 1922లో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి వీణ, శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గాత్రం ఇందుకు నాకు నచ్చినవి. గాత్రం వెనుక ఆగకుండా మోగే తంబురా శ్రుతి ఉంటుంది కనుక, సమతూకంలో వచ్చే మార్పు పాటకన్నా ముందు దానిలోనే తెలుస్తుంది. రెండు ప్లేయర్లనూ ఒకే స్థాయికి తెచ్చి, అదే ఇయర్‌ఫోన్‌తో వినాలి. కొంచెం గట్టిగా వినిపించేది మంచిదనే భ్రమ కలగడం సహజం కాబట్టి, స్థాయి సమానం చేయని పరీక్షకు విలువ లేదు.

డాంగిల్ ఎంచుకోవడం

2016లో ఐఫోన్ 7తో జాక్ పోయిన తర్వాత ఒక్కొక్క కంపెనీ అదే బాట పట్టింది. ఇప్పుడు తీగ ఇయర్‌ఫోన్ వాడాలంటే చాలామందికి యూఎస్‌బీ-సీ డాంగిల్ తప్పదు. ఇవి చూడటానికి ఒకేలా ఉండే రెండు రకాలు. ఒకదానిలో డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే డాక్ చిప్పు ఉంటుంది, రెండోది ఒట్టి తీగ. ఒట్టి తీగ రకం, ఫోన్ తన యూఎస్‌బీ పోర్టు ద్వారానే అనలాగ్ ధ్వనిని పంపగలిగితేనే పనిచేస్తుంది, లేకపోతే మౌనం. బస్టాండు దుకాణంలో మరీ చవకగా దొరికేదాన్ని కొనేముందు అక్కడే మీ ఫోన్‌కు పెట్టి మోగించి చూడాలి.

ఆపిల్ అమ్మే యూఎస్‌బీ-సీ డాంగిల్‌కు అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 1 ఓం దగ్గర ఉంటుంది, ఒక వోల్టు దాకా ఇస్తుంది. యూరప్‌కు పంపే రకం అందులో సగమే ఇస్తుంది. బహుళ డ్రైవర్ల ఇయర్‌ఫోన్‌కు ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మంచి జత దొరకడం విశేషమే. ఒక్క లోపం ఏమిటంటే, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు దాని లోపలి వాల్యూమ్‌ను పూర్తిగా తెరవవు, కాబట్టి పాట చిన్నగా వినిపిస్తుంది. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి, డాంగిల్‌తో నేరుగా మాట్లాడే ఆప్‌తో ఈ ఇబ్బంది తీరుతుంది.

4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ జాక్ ఉన్న ప్లేయర్లలో వోల్టేజీ ఎక్కువ వస్తుంది కానీ, సాధారణంగా అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కూడా 3.5 జాక్‌కు రెట్టింపు ఉంటుంది. 9 ఓంల ఇయర్‌ఫోన్‌కు బ్యాలెన్స్‌డ్ తీగ కొనడం వల్ల లాభంకన్నా నష్టమే కలగవచ్చు.

సున్నితమైన ఇయర్‌ఫోన్‌ను బలమైన ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే పాటల మధ్య విరామంలో 'స్స్' అనే హోరు వినిపిస్తుంది. పగలు సందడిలో తెలియదు, రాత్రి గదిలో తెలుస్తుంది. దీనికి తీగ మధ్యలో వాల్యూమ్ చక్రం ఉన్న పొడుగు తీగ వాడమని కొందరు సలహా ఇస్తారు. హోరు తగ్గేమాట నిజమే. అయితే ఆ చక్రం ఇయర్‌ఫోన్‌కు వరుసగా నిరోధాన్ని చేర్చి, ఇంత శ్రమపడి తగ్గించుకున్న అవుట్‌పుట్ ఇంపెడెన్స్‌ను మళ్లీ పెంచేస్తుంది. వరుసలో ఒక రెసిస్టర్, ఇయర్‌ఫోన్‌కు అడ్డంగా మరో చిన్న రెసిస్టర్ ఉండే అటెన్యుయేటర్ అయితే హోరు తగ్గుతుంది, అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కూడా అదుపులో ఉంటుంది.

వినే చోటు, ఉప్పు గాలి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద రాత్రి కాపలా ఉండేవారికి, ప్రాణవాయువు పడిపోకుండా తెల్లవార్లూ తిరిగే ఏరేటర్ల మోత తప్పదు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (గోదావరి దాటించే పడవ) మీద వెళ్లేవారికి డీజిల్ ఇంజను, అమలాపురం నుంచి కాకినాడ వెళ్లే విద్యార్థికి బస్సు. ఈ మోతలన్నీ కింది పౌనఃపున్యాల్లోనే ఎక్కువగా ఉండి పాటలోని బాసును కప్పేస్తాయి. ఇలాంటిచోట చెవి రబ్బరు గట్టిగా కూర్చోవడమే మొదటి పని. చిన్న సందు ఉన్నా పోయే బాసు, అవుట్‌పుట్ ఇంపెడెన్స్ తేడా వల్ల పోయేదానికన్నా చాలా ఎక్కువ. మోతను మించి వినాలని వాల్యూమ్ పెంచుకుంటూ పోతే చెవులకే ముప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం 80 డెసిబెల్‌ల స్థాయిలో వారానికి 40 గంటలు వినవచ్చు, 90కి చేరితే 4 గంటలే. గట్టు రోడ్ల మీద నడిచేటప్పుడు మాత్రం చెవులు మూసే ఇయర్‌ఫోన్ అసలు వద్దు.

తీరానికి దగ్గరగా ఉండే అంతర్వేది, నరసాపురం ప్రాంతాల గాలిలో తేమతోపాటు ఉప్పు కూడా ఉంటుంది. జాక్ లోపలి రేకుల మీద, పిన్ను మీద సన్నని పొర పట్టి అక్కడ కొంత నిరోధం చేరుతుంది. ఆ నిరోధం అవుట్‌పుట్ ఇంపెడెన్స్‌కు కలిసిపోతుంది. అది ఉమ్మడి భూమి తీగ దగ్గర చేరితే హాని మరీ ఎక్కువ: అర ఓం చేరినా 16 ఓంల ఇయర్‌ఫోన్‌లో ఒక చెవి ధ్వని 30 డెసిబెల్‌లు మాత్రమే తగ్గి రెండో చెవిలోకి చొరబడుతుంది. ఆ స్పర్శ పూర్తిగా తెగిపోతే గాయకుడి గొంతు మాయమై వాద్యాలు మాత్రం డొల్లగా వినిపిస్తాయి, ఎందుకంటే రెండు చెవులకూ సమానంగా రావలసినది రద్దయి, తేడా మాత్రమే మిగులుతుంది. ఇలా జరిగినప్పుడు ఇయర్‌ఫోన్‌ను పారేయడానికి ముందు పిన్నును సగం తిప్పి చూడాలి. గొంతు వచ్చి పోతుంటే లోపం స్పర్శలో ఉన్నట్లే.

శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. సెంటు, శానిటైజర్ పనికిరావు. వాటిలోని ఇతర పదార్థాలు జిగురుగా మిగిలిపోతాయి. పిన్నును ఆల్కహాల్‌తో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, జాక్ లోపలికి పట్టే సన్నని దూది పుల్లను కాస్త తడిపి రెండుసార్లు తిప్పితే చాలు. ప్లేయర్‌ను ముందే ఆపివేసి, తడి పూర్తిగా ఆరిన తర్వాతే పిన్నును మళ్లీ గుచ్చాలి. వాడనప్పుడు ఇయర్‌ఫోన్‌ను సిలికా జెల్ పొట్లంతోపాటు మూత బిగించిన డబ్బాలో ఉంచాలి.